ఖర్చీఫు వేసిన సీటు

ఏలూరులో నా సూదికి దొరకని నరం లేదు. ఈ మాట నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పరు గనక. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. పొద్దున్న ఆరింటికి షట్టర్ ఎత్తేసరికి పరగడుపు మనుషులు మెట్ల మీద కూర్చుని ఉంటారు. కాఫీ పడని మనిషి ఎంత ప్రమాదమో నాకు తెలిసినట్టు పోలీసులకు కూడా తెలియదు. వాళ్ళ చేతికి రబ్బరు పట్టీ బిగించి, "చీమ కుట్టినట్టు ఉంటుందండీ, అంతే" అని ఒక అబద్ధం చెప్పి, ఒక్క పోటుకే పని కానిచ్చేస్తాను. పదహారేళ్ళుగా రోజూ అదే అబద్ధం. ఇంత అలవాటున్న మనిషిని గనక, తర్వాత చెప్పిన పెద్ద అబద్ధం కూడా గొంతులో అడ్డం పడకుండా వచ్చేసింది. ఆ సంగతికి వస్తాను.

నా చేత తుపాకీ పట్టించింది ఒక షుగరు పేషెంటు. జంగారెడ్డిగూడెం రూటులో జీవితమంతా కండక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన. నెలకోసారి రక్తం ఇవ్వడానికి వచ్చేవారు. ఒకరోజు కుడిచెయ్యి నాకిచ్చి ఎడమచేతిలో ఫోను పట్టుకుని తెగ కంగారు పడిపోతున్నారు.

"చెయ్యి కదపకండి బాబాయ్ గారూ."

"ఈ చెయ్యి కదపనమ్మా. ఆ చెయ్యి కదపకపోతే మాత్రం వీళ్ళు నన్ను చంపేస్తారు."

చూస్తే ఫోనులో ఆట. విమానంలోంచి జనం ఒక దీవి మీదకు దూకుతారు. నలుగురేసి ఒక జట్టు. దొరికిన తుపాకీలు ఏరుకుని ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటారు. చుట్టూ ఒక నీలం గీత కుంచించుకుపోతూ ఉంటుంది, దాని బయట ఉన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే పోతారు. చివరికి మిగిలిన జట్టు గెలిచినట్టు. దెబ్బ తగిలినవాడు వెంటనే పోడు, కిందపడి పాకుతాడు. తనవాళ్ళెవరైనా వచ్చి పక్కన కూర్చుని కట్టు కడితే లేస్తాడు. ఆయన ఫోను లాక్కుని, గోడ వెనకాల నక్కినవాణ్ణి ఒక్క దెబ్బకు కొట్టి ఫోను తిరిగిచ్చేశాను. ఆయన సూది సంగతి మర్చిపోయి నా వంక చూశారు.

"మధ్యాహ్నం రెండున్నరకి ఖాళీయేనామ్మా?" అన్నారు.

రెండయ్యాక ల్యాబులో ఈగలూ నేనూ తప్ప ఎవరుంటారు? డాక్టరు గారు భోంచేసి ఇంట్లో గుర్రు పెడుతుంటారు. అలా ఆ జట్టులో నాలుగో మనిషినయ్యాను.

మిగతా ఇద్దరి సంగతి చెప్పాలి. ఒకరు ఉంగుటూరులో పాస్టరు గారి భార్య. మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. చర్చిలో ఎవరికీ తెలియకుండా, కుట్టుమిషను గదిలో తలుపు గడియ పెట్టుకుని ఆడేవారు. ఆవిడ నోట "చంపాను" అనే మాట రాదు. ఎవరినైనా కాలిస్తే "సాగనంపానండీ" అనేవారు. అని ఊరుకుంటారా, "పాపం, ఎవరి బిడ్డో" అని ఒక నిమిషం బాధపడేవారు. ఆ నిమిషంలో ఇంకెవడో వచ్చి ఆవిణ్ణి సాగనంపేవాడు. రెండో ఆయన కైకలూరు అవతల చేపల చెరువు లీజుకు తీసుకున్న మనిషి. ఆయన్ని అన్నయ్య గారు అనేదాన్ని. గట్టు మీద పాకలో కూర్చుని ఆడేవారు. ఆయన మాట్లాడితే వెనకాల చెరువుకు గాలి పట్టే ఏరేటరు నీళ్ళు చిలుకుతున్న చప్పుడు ఎప్పుడూ వినబడేది. కొల్లేటి కొంగలు చెరువు మీద వాలితే తోలడానికి ఆయన మధ్యమధ్యలో టపాకాయ పేల్చేవారు. అది ఆటలో మోత అనుకుని అమ్మగారు ఉన్నపళంగా నేల మీద పడుకునేవారు.

ఇక మర్యాద. ఈ మర్యాద వల్ల నేను పోయినన్ని సార్లు తూటాల వల్ల కూడా పోలేదు.

"అమ్మాయి గారూ," అని మొదలుపెట్టేవారు అమ్మగారు. "మీరు ఏమీ అనుకోనంటే ఒక మాటండీ. మీ వెనకాల ఒకాయన నిలబడి ఉన్నారండీ."

"ఆయ్, ఉన్నారండీ," అనేవారు అన్నయ్య గారు. "నేనూ ఇందాకట్నించీ చూస్తున్నానండీ."

ఆ మాట పూర్తయ్యేసరికి ఆ ఒకాయన నన్ను కాల్చేసి, నా బ్యాగులో సామాను కూడా సర్దుకునేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. కానీ కిందపడి పాకుతున్నానో లేదో, ముగ్గురూ చేస్తున్న పని వదిలేసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేవారు. అటునుంచి తుపాకులు పేలుతుంటాయని తెలుసు. అయినా వచ్చేవారు. "వస్తున్నామమ్మా, కంగారు పడకు" అంటూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఒకరి మీద ఒకరు పడేవారు. నలుగురం ఒకే చోట పోయేవాళ్ళం. అది మా జట్టు పద్ధతి. ఒకరిని వదిలేసి ముగ్గురు బతికిన ఆట మా చరిత్రలో లేదు.

దానికి తోడు బాబాయ్ గారి మైకు. మన మాట మన జట్టుకే వినబడాలా, చుట్టుపక్కల ఉన్న శత్రువులకు కూడా వినబడాలా అని ఒక సెట్టింగు ఉంటుంది. ఆయనది ఎప్పుడూ అందరికీ వినబడేదే. మార్చమంటే, "జీవితమంతా బస్సు మొత్తానికి వినబడేలా అరిచానమ్మా, ఇప్పుడు గుసగుసలాడమంటే ఎలా?" అనేవారు. ఆయన ఫోను స్పీకరు మీద ఉండడం వల్ల మిగతా ఇద్దరి మాటలు కూడా ఊరందరికీ వినబడేవి. విమానంలోంచి దూకేటప్పుడు "దిగండి, దిగండి, ముందుకు జరగండి" అనేవారు. జీపు దొరికితే నలుగురం ఎక్కామో లేదో లెక్క చూసుకుని "రైట్ రైట్" అంటేగానీ కదలనిచ్చేవారు కాదు. చాటుగా నక్కడానికి వెళ్ళేటప్పుడు కూడా అంతే. ఒక్కోసారి గోడ అవతలి శత్రువు, "బాబాయ్, బస్సు చింతలపూడి వెళ్తుందాండీ?" అని అడిగి మరీ కాల్చేవాడు.

ఇప్పుడు ఖర్చీఫు గురించి. ఆట మొదలయ్యే ముందు నాలుగు జాగాలు కనబడతాయి. మనిషి లేని చోట ప్లస్ గుర్తు ఉంటుంది. ఊరుకుంటే ఆట దానంతటదే ఎవరో తెలియని మనిషిని తెచ్చి అందులో కూర్చోబెడుతుంది. ల్యాబులో ఆఖరి పేషెంటు వల్ల నాకు ఆలస్యమైతే బాబాయ్ గారు ఆ సెట్టింగు ఆపేసి ఫోను చేసేవారు. "ఖర్చీఫు వేశానమ్మా, నింపాదిగా రా." మైకు సెట్టింగు చేతకాని మనిషికి అదెలా చేతనయ్యిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇందులో తమాషా ఏమిటంటే, సర్వీసులో ఉన్నప్పుడు ఆయన ఖర్చీఫులకు బద్ధశత్రువు. ఏలూరు స్టాండులో కిటికీలోంచి సీటు మీదకు ఖర్చీఫు విసిరి, తీరిగ్గా టీ తాగడానికి వెళ్ళే పెద్దమనుషుల సంగతి మనకు తెలిసిందే. బాబాయ్ గారు ఆ ఖర్చీఫును రెండు వేళ్ళతో పైకెత్తి బస్సంతటికీ చూపించేవారట. "ఏవండీ, ఈయన ఎక్కడ దిగుతారో కనుక్కుని టికెట్టు కొట్టమంటారా?" ఆయన రూలు ఒకటే. బస్సు కదిలేదాకే ఖర్చీఫుకు విలువ. కదిలాక నిలబడ్డవాళ్ళదే సీటు. ఈ రూలు ఆయన నాకు నవ్వుతూనే చెప్పారు, నేనూ నవ్వాను.

ఏడాది అలా గడిచింది. ఆ ఏడాదిలో మేము గెలిచిన ఆటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో కూడా ఒకటి అవతలి జట్టు ఇంటర్నెట్టు పోవడం వల్ల. నాకు విసుగు మొదలయ్యింది. ఉన్నమాట చెబుతాను, నేను బాగా ఆడతాను. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో, ఒకరు మెచ్చుకోవాల్సిన పని ఒకటి నా చేతికి కొత్తగా వచ్చింది. సూది బాగా గుచ్చితే ఎవరూ చప్పట్లు కొట్టరు కదా. "ఒక్కసారైనా టోర్నమెంటు ఆడాలి బాబాయ్ గారూ" అని వారానికి నాలుగుసార్లు అనేదాన్ని. "ఆడదాంలేమ్మా" అనేవారు ఆయన, జీపు ఎక్కుతూ.

ఒక శనివారం ఒంటరిగా ఆడుతున్నప్పుడు ఎవరో నా స్కోరు చూసి మెసేజ్ పెట్టారు. "బ్రో, మా స్క్వాడ్ ట్రయల్స్‌కి వస్తావా? సీరియస్ ప్లేయర్స్ ఓన్లీ." తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రవాడు, జట్టుకు కెప్టెన్. సరేనని మైకు ఆన్ చేసి హలో అన్నాను.

"నమస్తే అండీ. బ్రో ఉన్నారాండీ?" అన్నాడు.

"నేనే బ్రోని."

తర్వాత ఆట మొదలయ్యింది. ముగ్గుర్ని వరసగా కొట్టాక "అక్కా" అన్నాడు. అయిదో మనిషి తర్వాత, "అక్కా, రోజూ మధ్యాహ్నం ఫోన్లో ప్రాక్టీసు, ఆదివారాలు గూడెం. రాగలవా?" అన్నాడు.

ఇంట్లో ట్రైనింగు అని చెప్పాను. మా ఆయన ఏ ట్రైనింగని అడగలేదు, టిఫిను సంగతి మాత్రం అడిగారు. బాబాయ్ గారి జట్టులో ముగ్గురికీ, నాకు మధ్యాహ్నం డ్యూటీ పడిందని చెప్పాను. అదే ఆ పెద్ద అబద్ధం. చీమ కుట్టినట్టు కూడా అనిపించలేదు నాకు.

"అయ్యో, పర్లేదమ్మా," అన్నారు బాబాయ్ గారు. "డ్యూటీ డ్యూటీయే. ఖర్చీఫు వేసి ఉంచుతాం."

ఆ తర్వాత రోజూ రెండున్నరకు నా పేరు కనబడకుండా చేసుకుని, వాళ్ళు ఆటలోకి రావడం చూసేదాన్ని. ముగ్గురే ఉండేవారు. పక్కన ప్లస్ గుర్తు. ఇంకెవరినైనా కూర్చోబెట్టుకుంటే నాకు హాయిగా ఉండేది. వాళ్ళు కూర్చోబెట్టుకోలేదు.

గూడెంలో మా శిక్షణ ఒక ఉల్లిపాయల గోడౌను మేడ మీద గదిలో. కెప్టెను వాళ్ళ నాన్నగారిది ఉల్లి వ్యాపారం. కింద నుంచి ఘాటు పైకి కొట్టి అందరి కళ్ళూ మండుతూ ఉండేవి. ఎవరు ఓడిపోయి ఏడుస్తున్నారో, ఎవరు ఉల్లికి ఏడుస్తున్నారో తెలిసేది కాదు. కెప్టెను వయసు ఇరవై ఒకటి, కోపం అరవై ఏళ్ళ హెడ్మాస్టరుది. ఆడిన ఆట రికార్డు చేసి, మళ్ళీ చూపించి, ఎక్కడ తప్పు చేశామో కర్రపుల్లతో తెర మీద కొట్టి చెప్పేవాడు. మాట్లాడ్డానికి కూడా రూలు. దిక్కు, అడ్డం, ఎంతమంది. "ఈశాన్యం, గోడ, ఇద్దరు." అంతే. మొదటిరోజు నేను "ఏవండీ, అటు పక్క..." అన్నానో లేదో ఆట ఆపేశాడు.

"అక్కా, నువ్వు అండీ అనేలోపు ముగ్గురం పోతాం. ఇక్కడ గౌరవాలొద్దు."

ఇంకో రూలు కూడా ఉంది. కిందపడ్డవాడి దగ్గరకు ఎవరూ వెళ్ళకూడదు. చుట్టుపక్కల శత్రువు లేడని తేలాకే వెళ్ళాలి. తేలకపోతే వాడి ఖర్మ. మొదటిసారి నేను పడిపోయి పాకుతుంటే, ముగ్గురిలో ఒక్కడూ తల కూడా తిప్పలేదు. ఆ ఆట గెలిచాం. నేను చచ్చి గెలిచాను. నిజం చెప్పొద్దూ, నాకు భలే నచ్చింది. ల్యాబు రిపోర్టులాగా అంకె తప్ప అనవసరమైన మాట ఒక్కటి లేదు. ఏలూరు తిరిగి వెళ్ళే బస్సు ఉంగుటూరు చర్చి ముందు నుంచి పోతుంది. అక్కడ మాత్రం చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేదాన్ని. కుట్టుమిషను గదిలో ఉన్న మనిషికి రోడ్డు మీద బస్సులో నేనెలా కనబడతానని ఎప్పుడూ ఆలోచించలేదు.

గూడెంలో ఒక కంప్యూటర్ సెంటరు వాళ్ళు టోర్నమెంటు పెట్టారు. ఎవరి చోటు నుంచి వాళ్ళు ఆడొచ్చు, మొదటి రౌండు గుంపులవారీగా, ఒక్కో గుంపులో గెలిచినవాళ్ళు ఫైనలుకు. ఆదివారం మధ్యాహ్నం రెండున్నర. కెప్టెను పొద్దున్నించే మా ఫోన్లకు కాల్స్ రాకుండా సెట్టింగు పెట్టించి, పెరుగన్నం తప్ప ఇంకేం తిననివ్వకుండా కూర్చోబెట్టాడు.

చాలా జాగ్రత్తగా ఆడాం. చివరికి మూడు జట్లు మిగిలాయి. మేము ఒక పిల్లకాలవలో నక్కి ఉన్నాం. ఎదురుగా రెండు గదుల డాబా, ముందు వరండా. వెనక నుంచి నీలం గీత మా మీదకు వస్తోంది.

"డాబా, ముగ్గురు," అన్నాడు కెప్టెను. "నాలుగోవాడు కనబడట్లేదు. మనం వెళ్తే పక్క నుంచి కొడతాడు. ఆగండి."

ఆగాం. గీత దగ్గరవుతోంది. నా హెడ్‌సెట్టులో డాబా వైపు నుంచి సన్నగా ఏదో చప్పుడు. నీళ్ళు చిలుకుతున్న చప్పుడు.

"జరగండి, జరగండి, గుమ్మంలో నిలబడకండి," అంది ఒక గొంతు.

"భోజనం అయ్యిందాండీ అన్నయ్య గారూ?" అంది ఇంకో గొంతు.

"ఆయ్, ఇప్పుడేనండీ. చేపల పులుసండీ."

మా గదిలో మిగతా ఇద్దరు కుర్రాళ్ళూ పడీపడీ నవ్వారు. "ఎవర్రా వీళ్ళు, పెళ్ళిభోజనాలకి వచ్చారా?" కెప్టెను నవ్వలేదు. "ట్రాప్," అన్నాడు. "కావాలని మాట్లాడుతున్నారు. నాలుగోవాడు ఎక్కడున్నాడో చూడండి."

వీళ్ళు టోర్నమెంటుకు రావడమేమిటి? వచ్చినా ఇంతదాకా బతికుండడమేమిటి? బతకడం సంగతి తర్వాత అర్థమయ్యింది. ఆట మొదలైనప్పటి నుంచీ బాబాయ్ గారు జీపు దిగకుండా, ఎక్కడ గొడవ ఉంటే దానికి అవతలి రోడ్డులో దీవి చుట్టూ తిప్పారట.

కెప్టెనుకు తెలియని సంగతులు నాకు రెండు తెలుసు. నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. గీత వచ్చి మమ్మల్నే మింగేసేది, నేను ఓడిపోయి, మంచిదానిగా ఏలూరు వెళ్ళిపోయేదాన్ని. నోరు అదుపులో లేదని చెప్పుకోవచ్చు గానీ అదీ అబద్ధమే. నాకు గెలవాలని ఉంది. అంతకంటే ఏమీ లేదు.

"నాలుగో మనిషి లేరు," అన్నాను.

"టోర్నమెంటుకి ముగ్గురితో ఎవడొస్తాడక్కా?"

"ఆ నాలుగో మనిషిని నేనే."

ముగ్గురూ నా వైపు తిరిగారు. నేను తెర మీద నుంచి కళ్ళు తీయకుండా రెండో సంగతి కూడా చెప్పేశాను. "వరండాలో ఉన్నావిణ్ణి నేను కొడతాను. ఎవరూ కదలొద్దు. మిగతా ఇద్దరూ వాళ్ళే బయటికొస్తారు."

అమ్మగారికి ఒక్క దెబ్బ. కిందపడి పాకారు.

"అయ్యో, నాకు తగిలిందండీ. మీరు రాకండి బాబాయ్ గారూ, నన్నిక్కడే వదిలేయండి."

"అదేం మాటండీ! వస్తున్నానండీ అమ్మగారూ, కంగారు పడకండి."

వచ్చారు. ఎప్పటిలాగే వచ్చారు. అడ్డం చూసుకోలేదు, వంగలేదు, టికెట్టు కొట్టడానికి వెనక సీటు దాకా వెళ్తున్నట్టు తిన్నగా నడిచి వచ్చారు. ఆయనకూ ఒక్క దెబ్బే. ఎవరు కొట్టారో తెర మీద పేరు పడుతుంది. నా పేరు పడింది.

"ఓర్నాయనో!" అన్నారు బాబాయ్ గారు. "మనమ్మాయేనండీ! ఎంత బాగా కొట్టిందో చూశారా!"

"ఎక్కడండీ? ఎక్కడండీ?" అంటూ అన్నయ్య గారు వరండాలోకి వచ్చి, తుపాకీ దించేసి అటూ ఇటూ వెతుకుతున్నారు. "నమస్తే అండీ చెల్లెమ్మ గారూ..."

ఆయన్ని కెప్టెను కొట్టాడు.

ఆ తర్వాత మిగిలిన జట్టును ఎలా కొట్టామో నాకు గుర్తులేదు. గెలిచాం. కుర్రాళ్ళు మంచాలెక్కి గంతులేశారు. గూడెం పకోడీ పెద్ద పొట్లం తెప్పించారు. నేనూ తిన్నాను, ఎందుకు తినను, బాగుంటుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ఉల్లిపాయల మీదకు తోసేశాను. ఆ గదిలో ఆ సౌకర్యం ఉంది.

ఫోను సెట్టింగు తీశాక బాబాయ్ గారి మిస్డ్ కాల్స్ మూడు కనబడ్డాయి. మూడూ ఆ పొద్దుటివే. ఒక వాయిస్ మెసేజ్ కూడా. "అమ్మా, డ్యూటీలో ఉన్నావేమోలే. ఏం లేదు, సాయంత్రం చెబుతాను. ఖర్చీఫు వేసే ఉంచాం." నేను తిరిగి ఫోను చేయలేదు. ఉంగుటూరులో వంగడానికి చెప్పు గుర్తుకు రాలేదు, కళ్ళు మూసుకున్నాను.

కెప్టెను ఊరుకున్నాడా? ఆ ముక్క కత్తిరించి, కింద డప్పులు పెట్టి, వీడియో వదిలాడు. "వస్తున్నానండీ అమ్మగారూ, కంగారు పడకండి" అన్న మాట వారం తిరిగేసరికి గూడెం టీ కొట్ల దగ్గర ఎవరికి దగ్గొచ్చినా వినబడేది. నా గురి చూసి లైకులు కొట్టారు కొందరు. నాకు కావలసినవి అవే కదా, వచ్చాయి. వీడియో తీసెయ్యమని కెప్టెనుకు చెబితే, "అక్కా, ఇది మన బెస్ట్ ఫైట్" అన్నాడు. తర్వాతి ఆదివారం ఫైనల్లో నేను మొదట్లోనే పడిపోయాను. ఎవరూ రాలేదు. రూలు ప్రకారమే రాలేదు, తప్పు పట్టడానికి లేదు. మాకు పదకొండో స్థానం వచ్చింది.

నెల తిరిగింది. పొద్దున్నే మెట్ల మీద బాబాయ్ గారు, పరగడుపున. లోపలికొచ్చి, ఎప్పటిలాగే కుర్చీలో కూర్చుని, కుడిచెయ్యి చాపారు.

"డ్యూటీ గూడెంలో పడిందన్నమాట," అన్నారు.

నేను రబ్బరు పట్టీ బిగించాను. ఏదో ఒకటి అనాలి గనక, "మీరు టోర్నమెంటుకి ఎందుకొచ్చారు బాబాయ్ గారూ?" అన్నాను. నా గొంతు నాకే దెబ్బలాటకు వచ్చినట్టు వినబడింది.

"నువ్వెప్పుడూ టోర్నమెంటు, టోర్నమెంటు అనేదానివి కదమ్మా. నువ్వా డ్యూటీలో ఉన్నావు. మేం ముగ్గురం ఎలాగో మొదటి రౌండు నెట్టుకొస్తే, ఫైనలుకి సెలవు పెట్టుకుని నువ్వొచ్చి కూర్చుంటావని అన్నయ్య గారు అన్నారు. అందుకేగా జీపు దిగలేదు. నాకు నడుం పట్టేసింది కూడాను."

సూది గుచ్చాను. నరం దొరకలేదు. పదహారేళ్ళలో, ఆయన చేతికి, మొదటిసారి. సూది తీసి, దూది ఒత్తి, రెండో చెయ్యి అడిగాను. ఆయన ఆ చెయ్యి చాపారు.

"కానీమ్మా. మొన్న ఒక్క దెబ్బకే కొట్టావుగా."

"తప్పయిపోయింది బాబాయ్ గారూ," అన్నాను. "అబద్ధం చెప్పాను. మీరు వస్తారని తెలిసే కొట్టాను."

"తెలుసమ్మా. మేం వస్తామని నీకు కాక ఎవరికి తెలుస్తుంది?"

అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది, దెబ్బలాడేదాన్ని, దెబ్బలాట నాకు వచ్చు. రెండో చేతికి నరం దొరికింది. రక్తం గొట్టంలోకి ఎక్కుతుంటే, ఇక దాచుకోలేక అడిగేశాను.

"మధ్యాహ్నం రెండున్నరకి రానా?"

ఆయన దూది మీద బొటనవేలు ఒత్తి పట్టుకుని, తప్పు స్టాపులో దిగమని చెప్పాల్సొచ్చినట్టు ఇబ్బందిగా కదిలారు.

"నీ సీటు ఇచ్చేశామమ్మా. ఆ వీడియో ఉందే, అది ఉంగుటూరు దాకా వెళ్ళింది. అమ్మగారి ఆడపడుచు గారు ఆ గొంతు గుర్తుపట్టేశారు. పాస్టరు గారి ఇంట్లో ఇదేం పనని దెబ్బలాడ్డానికి వచ్చారు. ఎలా కాలుస్తారో చూపించమన్నారు. ఇప్పుడు ఆవిడే మాకంటే ముందొచ్చి కూర్చుంటున్నారు." ఆగి, ఇంకా మెత్తగా అన్నారు. "మరి బస్సు కదిలిపోయింది కదమ్మా."

నాకు ఏడుపొచ్చింది. ఇక్కడ ఉల్లిపాయలు లేవు. ఆయన చూడనట్టే చొక్కా చెయ్యి కిందకు దించుకుని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"నిలబడి వస్తానంటే రామ్మా. నిలబడ్డవాళ్ళని నేనెప్పుడూ దింపెయ్యలేదు."

స్నేహితుల ఆటను ఆడకుండా చూస్తూ ఉండే సౌకర్యం ఒకటి అందులో ఉంది. చూడొచ్చు, వినొచ్చు, తుపాకీ ఉండదు. ఆ మధ్యాహ్నం రెండున్నరకు నేను నిలబడే ఎక్కాను. ఆడపడుచు గారు ఘోరంగా ఆడతారు. తుపాకీ తలకిందులుగా పట్టుకున్నారేమో అనిపిస్తుంది. మొదటి అయిదు నిమిషాల్లోనే పడిపోయారు. ఈశాన్యం, గోడ, ఇద్దరు. నాకు స్పష్టంగా కనబడుతున్నారు. నేను చెప్పడానికి లేదు, చెప్పినా వాళ్ళు వినరు. ముగ్గురూ చేస్తున్న పని వదిలేసి, "వస్తున్నామండీ, కంగారు పడకండి" అంటూ ఆవిడ వైపు పరుగెత్తారు.

మూడు నెలలయ్యింది. రోజూ వెళ్తున్నాను. ఇంకా నిలబడే ఉన్నాను. ఎవరైనా దిగుతారేమోనని చూస్తున్నాను గానీ, ఆ బస్సులో ఎవరూ దిగే మనుషులు కారు.